కట్టని చీర

సంక్రాంతికి నాలుగునాళ్ళ ముందు ఇల్లు దులుపుచుండగా, నడవగోడమీద నలుబదియేండ్లుగా కదలక మెదలకయున్న నాయనమ్మ పటమును దింపవలసివచ్చినది. చట్రములో రామబాణపు పురుగు చేరినదేమోయని అనుమానము. వెనుక అట్టను, తుప్పుపట్టిన చిన్న మేకులను ఊడదీసి, అద్దమును పక్కకు పెట్టి, ఆ పటమును మొట్టమొదటిసారి అద్దము అడ్డములేకుండ చూచినాను. చూచి ఊరకుండక బొటనవ్రేలితో తడిమినాను కూడ. తడిమినచోట నాయనమ్మ చీర అంచు వ్రేలికి గరుకుగా తగిలినది. ఫోటోలోని చీరకు గరుకుదనమెక్కడిది? కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూతును గదా, అంచునగల జరీ గీతలు, కొంగుమీది మామిడిపిందెలు, అన్నియును సన్నని కుంచెతో బంగారురంగులో ముంచి కాగితముమీద వ్రాసినవి! బొమ్మను గీచుటకును అక్షరమును దిద్దుటకును మనవారు ‘వ్రాయుట’ అను ఒక్క మాటనే వాడినారు గదా. ఆనాడు ఆ మాటలోని సొగసు నాకు క్రొత్తగా తెలిసినది.

నాయనమ్మను నేనెరుగను. నేను పుట్టకముందే ఆమె పోయినది. నాకు తెలిసిన నాయనమ్మయెల్ల ఆ పటములోని మనిషియే: పీటకోళ్ళవంటి కాళ్ళుగల కుర్చీలో నిటారుగా కూర్చుండి, పక్కన నిలుచున్న ఐదేండ్ల మా పెదనాన్న భుజముమీద చేయివైచి, పెదవులు బిగించి, సూటిగా మనవైపు చూచు మనిషి. చిన్నతనములో ఆ చూపునకు జంకి, రాత్రులందు నడవలో నడువవలసివచ్చినప్పుడు గోడవైపు చూడక పరుగెత్తెడివాడను. ఇంటికి వచ్చిన చుట్టములు పటమును చూచి ‘జమీందారిణిలాగా ఉన్నారు’ అనెడివారు; మేమును ఆ మాటను కాదనక, లోలోపల కొంత గర్వించి, ఆమె గర్విష్ఠి యని నిశ్చయించుకొన్నాము. ఆ నిశ్చయమునకు మూలము రెండే: ఆ జరీ చీర, ఆ బిగించిన పెదవులు. ఇప్పుడు చీర బొటనవ్రేలి క్రింద కుంచెగీతయై తేలినది.

మా మేనత్తకు ఎనుబదియెనిమిదేండ్లు. వసారాలో కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్నది. పటమును తీసికొనిపోయి చూపినాను.

“అత్తయ్యా, నాయనమ్మ చీరకి జరీ ఎవరో రంగుతో వేశారే!”

“మా అమ్మకి జరీ చీరెక్కడిదిరా నాయనా! కట్టుకున్నది ముతక నేతచీర. ఫోటోకి రంగులేసేవాడితో మా నాన్న ‘కాస్త బాగా వెయ్యవోయ్’ అన్నాట్ట. వాడు అంచూ పువ్వులూ అన్నీ వేసి పట్టుకొచ్చాడు. అమ్మే చెప్పేది.”

అంతే చెప్పి మరల చిక్కుడుకాయలలో పడినది. నాకు మాత్రము ఆ పూటయంతయు మనసు నిలువలేదు. నాకు గుర్తువచ్చినది మా నాయనమ్మ కాదు. నాలుగువందల యెనుబదియేండ్లనాటి ఒక స్పానిషు స్త్రీ, ఆమె కట్టిన, లేదా కట్టని, ఒక పట్టువస్త్రము.

ఇరువదియేండ్ల క్రిందట హైదరాబాదులో, ఆబిడ్సులో ఆదివారమునాడు పేవ్‌మెంటుమీద పరచు పాతపుస్తకములలో, అట్ట ఊడిన చిత్రసంపుటమొకటి కొన్నాను. అందలి చిత్రములలో నేను మరల మరల తెరచిన పుట ఒక్కటే. పుస్తకము చేతిలోనికి తీసికొన్నచో తనంతట తానే అక్కడ విచ్చుకొనుటకు అలవాటుపడినది. బ్రొంజీనో అను చిత్రకారుడు 1545 ప్రాంతమున ఫ్లారెన్సు నగరములో చిత్రించిన ఎలియొనోరా పటమది. టొలీడో వంశపు ఆడుబిడ్డ, ఫ్లారెన్సు ప్రభువైన కోసిమో మెడిచీకి ఇల్లాలు, అప్పటికి ఇరువదిమూడేండ్ల వయసుది. పక్కన కుమారుడు జొవాన్నీ, రెండేండ్లవాడు. నిలువు 115 సెంటీమీటర్లు, అడ్డము 96 సెంటీమీటర్లు గల చెక్కపలకమీద తైలవర్ణములతో వ్రాసిన ఆ చిత్రము నేడు ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో నున్నది. అసలును నేను చూడలేదు. ముద్రణలోని నీలము బ్రొంజీనో నీలమో, అచ్చువేసినవాని నీలమో చెప్పజాలను. అయినను, మన శాస్త్రములు రాజావర్తమని పిలిచిన రాతిని నూరి తీసిన ఆ నీలము, ఆమె తలచుట్టు కొంత తేటపడి, దేవతాపటములలోని ప్రభామండలమును తలపించుచుండగా, దూరమున మసకగా ఒక పల్లపునేల మాత్రము కానవచ్చుచుండగా, ఆ నడుమ ఆమె కూర్చున్న తీరు, అచ్చులోనైనను, మనిషిని కొంతసేపు మాటాడనీయదు.

కూర్చున్నది ఆమెయా, లేక ఆమె వస్త్రమా? మొదటిచూపునకు ముఖము కనబడదు, గుడ్డ కనబడును. తెల్లని పట్టునేల, దానిమీద తీగలవలె మెలికలు తిరిగిన నల్లని మఖమలు, ఆ తీగల నడుమ బంగారుపోగులతో నేసిన దానిమ్మకాయలు. రొమ్ముమీద సరిగా నడుమకు వచ్చునట్లు ఒక పెద్ద దానిమ్మ. భుజములపై బంగారుజాలము, ఆ జాలపు ముడిముడికిని ముత్యము. జుట్టును పట్టియుంచినదియు అటువంటి జాలమే. మెడలో ముత్యాలదండలు, నడుమున రత్నాల పటకా, దాని కొసను వ్రేలాడు ముత్యాలకుచ్చు. ఈ గుడ్డను బ్రొంజీనో వ్రాసిన తీరు చూచినవారెవరికైనను అతడు సాలెవాని పక్కన కూర్చుండి మగ్గపు పని నేర్చినాడా యని సందేహము కలుగును. మఖమలు నూగు వెలుగును మ్రింగుట, పట్టు వెలుగును జార్చుట, బంగారుపోగు వెలుగును తునియలు చేసి విసరుట, ఈ మూడు గుణములును కుంచెకు వేరువేరుగా తెలిసినవి. పెండ్లిబట్టల దుకాణములో పరుపుమీద కూర్చున్న మన ఆడవారు చీర మడత విప్పించి, అంచును రెండువ్రేళ్ళ నడుమ నలిపి, వెనుకకు త్రిప్పి పోగుల ముడులు చూచి, ‘ఇది చేతిపనే’ అని తేల్చుదురే, ఆ పరీక్షకును ఈ బొమ్మలోని గుడ్డ నిలుచునని నా నమ్మకము.

ముఖము? ముఖము తరువాత వచ్చును. ముత్యపుచిప్ప లోపలి నునుపువంటి ముఖము, నడుమకు పాపటతీసిన జుట్టు, మనలను చూచుచున్నట్లే యుండి, చూచుటవలన తనకు కలిగిన దేదియు మనకు తెలియనీయని కన్నులు, మూసిన పెదవులు. ఈ ముఖమును గూర్చి వ్రాసినవారు చాలమంది వాడిన మాటలు చల్లదనము, దూరము, దర్పము. కొందరు మరికొంత ముందుకు పోయి, ఫ్లారెన్సువారు ఈ పరదేశపు దొరసానిని పొగరుబోతు అనుకొన్నారనియు, ఆ పొగరే పటములోనికి దిగినదనియు తేల్చినారు. నేనును చిరకాలము అట్లే అనుకొన్నాను. ఇప్పుడు తలచుకొన్నచో, ఆ ముఖములో దర్పమును చదివిన నా కంటికి, ఆ అక్షరములను ముందుగా నేర్పినది దాని క్రిందనున్న దానిమ్మకాయలే కాదా యని తోచుచున్నది. ఆ ముఖమునే ముతక నూలుబట్టమీద నిలిపినచో ఏమందుము? అలసట యందుమా? భయ మందుమా? తెల్లవారకమునుపే లేచి పనిలోనికి దిగిన ఇల్లాలి సహన మందుమా?

ఆమె కథలో తెలిసిన భాగము కొంత కలదు. తండ్రి స్పెయిను రాజు తరఫున నేపుల్సును ఏలిన రాజప్రతినిధి. 1539లో, పదునేడేండ్లకు, కోసిమోను పెండ్లాడి ఫ్లారెన్సు వచ్చినది. కోసిమో అంతకు రెండేండ్ల ముందే గద్దెనెక్కినాడు; అదియు, ముందటి ప్రభువు అలెస్సాండ్రో బంధువు చేతిలో హత్యకు గురియైన తరువాత, మెడిచీల చిన్నకొమ్మనుండి ఎంచి తెచ్చిన పిల్లవాడుగా. అట్టి గద్దెకు కావలసినది సంతానము. అదియు నలుగురికి కనబడవలసిన సంతానము. ఆమె పదునొకండుగురిని కన్నది. భర్త ఊరలేనప్పుడు ఆయనకు బదులు రాజ్యపు పని చూచినది. ధాన్యము వ్యాపారము చేసినది. నేడు లోకమంతయు చూడబోవు పిట్టీ భవనమును తన సొమ్ముతో కొన్నది. ఇంత తెలిసిన తరువాత దానిమ్మకాయకు అర్థము చెప్పుట కష్టము కాదు. గింజలు క్రిక్కిరిసిన పండు సంతానమునకు గుర్తు. అక్కడి మతమున పునరుత్థానమునకును గుర్తు. మగపిల్లవాని భుజముమీద చేయి రాజవంశపు హామీపత్రము. గుడ్డ ఫ్లారెన్సు పట్టుమగ్గములకు ప్రకటన యని మరియొక వ్యాఖ్య. ఈ అర్థములన్నియు నిజమే కావచ్చును. కాని అర్థములన్నియు చెప్పి ముగించిన తరువాత కూడ ఆమె అట్లే చూచుచుండును. ఇంకేమైన అడుగుదురా యన్నట్లు. పైగా ఒక చిక్కు: హామీపత్రమే యైనచో పక్కన నిలువవలసినది పెద్దకొడుకు ఫ్రాంచెస్కో గదా? నిలిచినవాడు రెండవవాడు, తరువాత మతాధికారమునకు పంపబడి పదునారేండ్లకే కార్డినలు అయినవాడు. ఆ పిల్లవాడు ఏ కొడుకన్న విషయమునందే పండితులు కొంతకాలము తగవులాడినారు. పటములోని తల్లికి మాత్రము తగవు లేదు. ఆమె చేయి ఆ భుజమును ఎరుగును.

ఇక వస్త్రము సంగతి. ఎలియొనోరా 1562లో మరణించినది. మెడిచీల సమాధులు శాన్ లొరెంజో దేవాలయమున కలవు. 1857లో వానిని తెరచి చూచినప్పుడు, ఆమె శరీరముమీద ఇంకను కొంత మిగిలియున్న పట్టుబట్టలను, తలమీది బంగారుజాలమును చూచి, ఈమెయే ఎలియొనోరా యని గుర్తుపట్టినారు. దేనిని పట్టి? పటమును పట్టి. అంతటితో ఒక కథ పుట్టినది: ఆమె తనకు ప్రాణప్రదమైన ఆ దానిమ్మల వస్త్రముతోనే సమాధికి పోయినదని. ఆ కథ ఒక నూరేండ్లకు పైగా పుస్తకముల పుటలు దాటి పుటలకు ప్రాకినది. నా పాతసంపుటములోను అదే వ్రాసియున్నది. ఎంత చక్కని కథ! చిత్రకారుడు పటములో దాచిన వస్త్రమును నేల కూడ దాచినదన్నమాట. నేనును ఆ కథను నలుగురైదుగురు మిత్రులకు, కొంత ఉప్పుకారము చేర్చి, చెప్పియున్నాను.

తరువాత 1980లలో మొదలుపెట్టి ఏండ్లతరబడి, ఆ చివికిన గుడ్డను నీటిలోను, గాజుపలకలమీదను, పోగు పోగు విడదీసి శుభ్రపరచిన స్త్రీలు తేల్చినదేమనగా, అది ఆ వస్త్రము కాదు. తెల్లని సాదా శాటిను. అంచులకు మఖమలు పట్టీలు. లోపల ఎర్రని మఖమలు రవిక. కాళ్ళకు ఎర్రపట్టుతో అల్లిన మేజోళ్ళు. దానిమ్మ ఒక్కటియు లేదు. అంతటితో ఆగలేదు. రాణివాసపు బట్టల పద్దులను చదివినవారు ఆమె నిత్యము ధరించినవి పువ్వులులేని శాటిను, మఖమలు బట్టలే యని చూచి, పటములోని వస్త్రము అసలు కుట్టించబడెనా యనియు సందేహించినారు. బ్రొంజీనో ముందున్నది ఒక గుడ్డముక్క మాత్రమే కావచ్చును. దానిని చూచి అతడు కుంచెతోనే కత్తిరించి, కుంచెతోనే కుట్టి, ఆమెకు తొడిగినాడు కావచ్చును. ఆ సంగతి చదివిననాడు నాకు కొంత మోసపోయినట్లు, కొంత నవ్వువచ్చినట్లు అయినది. మోసగించినదెవరు? చిత్రకారుడా? అతడు ఇది ఆమె బీరువాలోనిదని ఎక్కడ చెప్పినాడు? అనుకొన్నది మనము. నాయనమ్మ చీర జరీచీర యని ఏ పటము చెప్పినది? జమీందారిణి యన్నది చుట్టములు. నిజమని తలయూచినది మేము.

ఇచ్చట మరియొక డచెస్, అనగా మరియొక ప్రభుపత్ని, గుర్తువచ్చుచున్నది. మా రోజులలో డిగ్రీ ఆంగ్లపాఠ్యమున బ్రౌనింగు వ్రాసిన ‘మై లాస్ట్ డచెస్’ తప్పక యుండెడిది. 1842లో వెలువడిన ఆ పద్యములో ఫెరారా ప్రభువొకడు, చనిపోయిన తన భార్య పటముమీది తెరను తొలగించి, వచ్చిన రాయబారికి దానిని వ్యాఖ్యానించి చూపును. ఆమె అందరివంకను ఒకేతీరుగా నవ్వినదట. అదే ఆమె నేరము. మా మాష్టారు ఆ పాఠము చెప్పినప్పుడు సుద్దముక్కను బల్లమీద నిలువుగా నిలిపి, ‘పటములోని ఆమె ఒక్కమాట కూడ మాటాడదు, గుర్తుంచుకొండి; మాటాడునదంతయు వాడే’ అన్నారు. పరీక్షకొరకు ఆ వాక్యమును వ్రాసికొన్నాను. దాని బరువు తెలియలేదు. ఆ పద్యమునకు మూలమని విమర్శకులు చెప్పు చిన్నది లుక్రేజియా మెడిచీ. పదుమూడేండ్లకు ఫెరారా యువరాజు ఆల్ఫోన్సోతో పెండ్లియై, పదునారేండ్లకే, 1561లో కన్నుమూసినది. భర్తయే విషము పెట్టించినాడని లోకమన్నది, క్షయయని చరిత్రకారులందురు. ఎన్నో యేండ్లకుగాని నాకు తెలియనిది ఒకటి కలదు: ఈ లుక్రేజియా మన ఎలియొనోరా కూతురే. పుట్టినది 1545లో. అనగా బ్రొంజీనో ఎదుట ఈ తల్లి కదలక కూర్చున్న ఆ కాలముననే, ఎక్కడో లోపలి గదిలో, దాదుల చేతులలో, ఆ పసికందు కేరుచుండవలెను.

ఈ సంగతి తెలిసిన తరువాత నాకు ఆ పుట తెరచుటకు కొంత సిగ్గు వేసినది. ఆ ప్రభువు చేసినదేమి? పటము ముందు నిలిచి, ముఖమును చదివి, తన తీర్పును దానికి అంటగట్టినాడు. ఇరువదియేండ్లుగా నేను చేసినదేమి? అతడు నవ్వు ఎక్కువైనదన్నాడు. నేను నవ్వు తక్కువైనదన్నాను. నాకు చంపుటకు అధికారము లేదు కాబట్టి సరిపోయినదిగాని, వ్యాఖ్యానములో మేమిద్దరము ఒక్క బడిలోనివారమే. కాదందురా? ఎలియొనోరా ఎముకలను పరీక్షించినవారు ఆమె పండ్లు బాగుగా పాడైనవని తెలిపినారు. దానిమ్మగింజలను చూచినంతనే పలువరుసను తలచు ప్రబంధకవుల జాతివాడను నేను. ఆ వార్త చదివినప్పుడు, ఓహో, పెదవులు మూసినది అందుకా యని ఒక్కక్షణము సంబరపడినాను. మరుక్షణమున, ఇరువదిమూడేండ్లకే అట్లుండెనని నీకెవరు చెప్పినారురా యని నన్ను నేనే అడిగికొన్నాను. ఆ కాలపు రాజపటములలో పండ్లు చూపి నవ్వినవారెవరు? ఒక వ్యాఖ్య పోయినచోట మరియొకటి మొలచును. పీకినకొలది మొలచు గరికవంటిది ఈ వ్యాఖ్యానపు పిచ్చి.

చావును కూడ లోకము వదలలేదు. 1562 చలికాలమున, నెల తిరుగకుండ, ముందు జొవాన్నీ, పిమ్మట పదునైదేండ్ల తమ్ముడు గార్సియా, అతని వెనుక ఐదునాళ్ళకు నలుబదియేండ్ల తల్లి, ముగ్గురును పోయినారు. అన్నను తమ్ముడు పొడిచినాడనియు, తమ్ముని తండ్రియే చంపినాడనియు, తల్లి గుండెపగిలి చచ్చినదనియు కథ అల్లినారు. మూడువందల యేండ్లకు మించి అది చరిత్రగా చెలామణి అయినది. ఎముకలలో దొరకినది మలేరియా జాడ. సముద్రతీరపు బురదనేలలలో తిరిగి తెచ్చుకొన్న చలిజ్వరము. బొమ్మలో ఆమె కుడిచేయి ఎవని భుజముమీద నున్నదో, వాడు ఆమెకంటె ఇరువదియేడు రోజులు ముందు పోయినాడు. ఈ మాట తెలిసిన తరువాత ఆ చేతిని ముందటివలె చూడజాలము. అయినను చూడవలదా? బ్రొంజీనోకు 1562 తెలియదు. ఆ చేతికి తెలియదు. తెలిసినది మనకు మాత్రమే. ఆ తెలివిని తీసికొనిపోయి నిశ్చింతగానున్న ఆ వ్రేళ్ళలో పెట్టుట కూడ, దానిమ్మవస్త్రమును శవమునకు తొడిగినటువంటి పనియే.

బట్టను గూర్చి అడిగినవారికి పోగులలోను పద్దులలోను జవాబు దొరకినది. చావును గూర్చి అడిగినవారికి ఎముకలలో దొరకినది. ముఖమును గూర్చి అడిగినవారికి నాలుగువందల యెనుబదియేండ్లుగా ఏమియు దొరకలేదు. బ్రొంజీనోకు తెలియక ఇట్లు వ్రాసినాడా? అతడు కవి కూడ. మనుష్యులను ఎరుగనివాడు కాడు. బంగారుపోగులో ఎన్ని మెలికలున్నవో చెప్పగల కన్ను, ఎదుట గడియలతరబడి కూర్చున్న యువతి ముఖమున ఏమున్నదో చూడలేదనుట నమ్మరాని మాట. చూచి, అది తనకు కూలికిచ్చిన పనిలోనిది కాదని, దానిని ఆమెకే విడిచినాడని నాకు తోచుచున్నది. ఇదియు వ్యాఖ్యానమే, కాదనను. కాని నాకిది మిగిలినవానికంటె కొంత మర్యాదగానున్నది.

సాయంకాలము మేనత్త దీపము పెట్టి వచ్చి కూర్చున్నది. పటము ఇంకను ఒడిలోనే యున్నది నాకు. అడుగవలెనా వద్దా యని కొంత తటపటాయించి, అడిగినాను.

“అత్తయ్యా, ఫోటోలో నాయనమ్మకి అంత కోపమెందుకో నీకేమన్నా చెప్పిందా?”

మేనత్త పటమును తీసికొని, కండ్లజోడు పైకెత్తి, దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచినది.

“కోపమో కాదో నాకేం తెలుసురా. నేనప్పటికి పుట్టలేదు. ఎవరన్నా ఆ చీర సంగతి అడిగితే మటుకు తెగ నవ్వేది.”

కనుమ వెళ్ళిన మరునాడు పటమును మరల గోడకు తగిలించినాము. అద్దము ఇంకను వేయించలేదు.